క్యాంపర్ వ్యాన్‌లో మడత మంచం: ఎంచుకోవడం నుంచి బిగించడం దాకా

వ్యాన్‌లో మంచం పెట్టించుకోవాలనుకునే వాళ్లు మామూలుగా ముందు అడిగేది "ఎంత పెద్ద మంచం పడుతుంది?" అని. నేనైతే ఇంకోటి అడగమంటాను. పగలు అది ఎక్కడ ఉంటుంది? మనం పడుకునేది రాత్రి ఏడెనిమిది గంటలు. మిగతా సమయమంతా ఆ మంచం వ్యాన్‌లోనే ఎక్కడో ఒకచోట ఉండాలి. మనమేమో అక్కడే కూర్చోవాలి, తినాలి, వాన పడితే బట్టలు మార్చుకోవాలి, బ్యాగులు తీయాలి. మడవడం కష్టమైన మంచాన్ని రెండో ట్రిప్పు నుంచి ఎవరూ మడవరు. అది పరిచే ఉంటుంది, ఇక లోపల కాలు పెట్టే చోటుండదు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరారనుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సిటీ ట్రాఫిక్ దాటి మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటితే, చెక్‌పోస్టుకు ఇవతలే ఏదో హోటల్ ముందు బండి ఆపి పడుకోవాలి. పిల్లలు సగం నిద్రలో ఉంటారు, లోపల లైటు సరిపోదు, సామానంతా అడ్డంగా ఉంటుంది. ఆ పరిస్థితిలో ఒక్క మనిషి రెండు నిమిషాల్లో వేయగలిగితే అది మంచి మంచం. షోరూమ్‌లో చూసినా, ఫొటోలో చూసినా ఈ రాత్రినే గుర్తు పెట్టుకుని చూడండి.

మొదట కాగితాల సంగతి

ఈ పని చివర్లో చూసుకుందామనుకుంటే ఖర్చంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది, అందుకే ముందే చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

కాబట్టి సీట్లు పీకేసి శాశ్వతంగా మంచం పెట్టాలంటే ముందు ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్లి మాట్లాడండి. సీట్ల సంఖ్య ఆర్‌సీలో రాసి ఉంటుంది, అది మారడమంటే చిన్న విషయం కాదు. పూర్తి క్యాంపర్ వ్యాన్లకు మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కూర్చునే చోటు, టేబుల్, పడుకునే చోటు, వంటకు, సామానుకు ఏర్పాటు ఉన్న బండిని 'మోటార్ కారవాన్'గా గుర్తించేది దాని ప్రకారమే. అలా ఆమోదం ఉన్న చోట తయారైన బండి కొంటే ఈ గొడవ ఉండదు. సొంతంగా చేసుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: బాడీ కోయకండి, పైకప్పు ముట్టుకోకండి, మంచాన్ని బోల్టులు విప్పి అరగంటలో బయటికి తీసేలా చేసుకోండి. పని మొదలుపెట్టే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి ఏం చేయబోతున్నారో రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకోండి.

కొలతలు: బండివి, మనుషులవి

హాల్లో నేల మీద సుద్దముక్కతో వ్యాన్ లోపలి ఆకారం గీయండి. చక్రాల మీద ఉబ్బెత్తుగా వచ్చే భాగం, పక్క తలుపు, ముందు సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చినప్పుడు ఎక్కడిదాకా వస్తాయో అన్నీ అందులో గుర్తు పెట్టండి. ఇంట్లో అందరినీ ఆ గీతల మధ్య పడుకోబెట్టండి. ఒకరు నిద్రలో పక్కకి తిరిగితే రెండోవాళ్లకు ఏమవుతుందో అప్పుడే తెలిసిపోతుంది. అర్ధరాత్రి ఒకరు బాత్రూమ్‌కి లేవాలంటే ఎవరి మీంచి దాటాలో కూడా చూడండి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే వాళ్లకు తలుపు పక్క చోటు ఇవ్వాలి.

మనిషికి వెడల్పు కనీసం 60 సెం.మీ. కావాలి. ఇద్దరికి 120, అంటే దాదాపు నాలుగడుగులు. పొడవు అయితే అందరిలో పొడుగు మనిషి ఎత్తుకు కనీసం 10 సెం.మీ. కలపండి. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి 180 సెం.మీ. సరిపోతుంది. పరుపు పైనుంచి కప్పు దాకా 90–95 సెం.మీ. ఉంటేనే మంచం మీద వీపు నిటారుగా పెట్టి కూర్చోగలుగుతారు. ఇది తగ్గితే టీ తాగడానికి కూడా మెడ వంచాలి.

బండి కొలతల్లో మోసపోయే చోటు వెడల్పు. బ్రోషర్‌లో ఉండేది బయటి కొలత. మారుతీ ఈకో బయటి వెడల్పు 1,475 మి.మీ. తలుపుల మందం, లైనింగు పోతే లోపల పెద్దవాళ్లు అడ్డంగా పడుకునే ప్రశ్నే లేదు, బండి పొడవునా మాత్రమే పడుకోవాలి. టాటా వింగర్ 1,905 మి.మీ. వెడల్పు. అడ్డంగా పడుకోవచ్చేమో అనిపిస్తుంది గానీ లోపలి లైనింగు మందం పోగా మిగిలేది పొట్టివాళ్లకు తప్ప సరిపోదు. ఫోర్స్ ట్రావెలర్ లాంటి పెద్ద బండ్లలో ఈ అవకాశం ఎక్కువ. ఏ బండి అయినా గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతాయి. అందుకే వెడల్పును నేల దగ్గర, మంచం ఎత్తులో, కూర్చున్నప్పుడు భుజాల ఎత్తులో విడివిడిగా కొలవండి. మూడింట్లో చిన్నదే మీ లెక్క.

ఉత్తరం వైపు తల పెట్టకూడదన్న పట్టింపు మన ఇళ్లలో చాలామందికి ఉంది. బండి ఎటు తిరిగి ఆగుతుందో ముందు తెలియదు కాబట్టి, రెండు చివర్లలో ఎటైనా తల పెట్టుకునేలా మంచాన్ని సమానంగా కట్టించండి. లైటు, చార్జింగ్ పాయింటు కూడా రెండు వైపులా పెట్టుకుంటే పెద్దవాళ్లతో వాదన ఉండదు.

ఏ రకం మంచం

ఎక్కువగా కనిపించేవి నాలుగు రకాలు.

సీటే మంచంగా మారేది మొదటిది. వెనక సీటును లాగితే వీపు భాగం పడిపోయి పరుపు అవుతుంది. ప్రయాణంలో మనుషులు కూర్చోవాలి, రాత్రి పడుకోవాలి అనుకునేవాళ్లకు అసలు సరైనది ఇదే. కానీ ప్రయాణంలో కూర్చునే సీటు, దాని బెల్టులు గుద్దుకున్నప్పుడు తట్టుకుంటాయని పరీక్ష జరిగినవై ఉండాలి. వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించిన సీటు మీద పిల్లల్ని కూర్చోబెట్టి హైవే ఎక్కకండి. ఈ రకం కావాలంటే పరీక్ష పత్రం ఉన్న తయారీ సీటే కొనండి, లేదంటే ఈ రకం వదిలేయండి.

రెండోది ఎదురెదురు బెంచీలు, మధ్యలో టేబుల్. రాత్రి టేబుల్ పలకను దించి బెంచీల మధ్య పెడితే మంచం. చవక, కార్పెంటర్‌కి సులువు. కాకపోతే తిన్న గిన్నెలు తీసి, టేబుల్ తుడిచి, కాలు విప్పి, నాలుగైదు కుషన్లు సరైన క్రమంలో పేర్చితే గానీ పడుకోలేరు. పైన చెప్పిన మన్ననూరు రాత్రికి ఇది పనికిరాదు.

మూడోది గోడకు ఆనించి పైకి మడిచేది. సికింద్రాబాద్‌లో రైలెక్కిన ప్రతివాళ్లకూ తెలిసిన మిడిల్ బెర్త్ లాంటిదే, కాకపోతే అది కిందికి మడుస్తారు, ఇది పైకి: గోడకు బందులు, పైన గొలుసులు లేదా బెల్టులు. ఒక్కరికి, ముఖ్యంగా సామాను మోసే బండిలో అప్పుడప్పుడు పడుకునేవాళ్లకు ఇది చాలా బాగుంటుంది. ఇద్దరి మంచాన్ని ఇలా చేయాలంటే మాత్రం ఆ బరువంతా గోడ రేకు మీదే పడుతుంది, ఎత్తడానికి 'హైడ్రాలిక్' అని పిలిచే గ్యాస్ రాడ్లు కావాలి. అవి మంచం బరువుకు తగ్గవి కాకపోతే ఒకటి, దించడానికి వేలాడాలి, లేదా ధబ్బున మీద పడుతుంది. నేనైతే ఇద్దరికి ఇది వద్దంటాను.

నాలుగోది లాగుడు మంచం. గోడ వెంట బెంచీ ఉంటుంది. దాని పైభాగం చెక్క రీపర్లతో చేసి ఉంటుంది. ఒక రీపరు కదలనిది, పక్కది కదిలేది, మళ్లీ కదలనిది, ఇలా చేతి వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు. ముందు చెక్కను పట్టి లాగితే బెంచీ రెండింతలు అవుతుంది. బెంచీ మీది కుషను, వెనక ఆనుకునే కుషను పక్కపక్కన వేస్తే పరుపు. పగలు సోఫా, కింద సామాను, రాత్రి మంచం. గ్యాస్ రాడ్డు లేదు, బయటి నుంచి తెప్పించాల్సిన విడిభాగం లేదు, చెడిపోతే ఏ ఊళ్లో కార్పెంటరైనా బాగు చేస్తాడు. పగలు ఎక్కడ ఉంటుందనే ప్రశ్నకు దీని దగ్గరున్నంత మంచి జవాబు మిగతా వాటిలో నాకు కనిపించలేదు. అందుకే కింద దీన్నే వివరంగా చెబుతాను. బిగించే పద్ధతి మాత్రం ఏ రకానికైనా ఒకటే.

రెడీమేడ్‌గా కొనేవాళ్లకు ఒక మాట. షాపులోనే మీ చేత్తో మీరే పదిసార్లు వేసి, మడవండి. అమ్మేవాళ్ల చేత వేయించి చూస్తే అన్నీ సులువుగానే కనిపిస్తాయి. ఒక మూల పట్టుకుని పక్కకి ఊపండి. అక్కడ కిర్రుమంటే గతుకుల రోడ్డు మీద ఇంకా ఎక్కువ అంటుంది. బరువెంతో అడగండి, చెప్పలేకపోతే తూకం వేయించండి.

లాగుడు మంచం లెక్కలు

మన బండ్లలో జరిగే తలుపు మామూలుగా ఎడమవైపు ఉంటుంది కాబట్టి బెంచీ కుడి గోడ వెంట రావాలి. రెండు వైపులా తలుపులున్న బండి అయితే కుడి తలుపు వాడకుండా ఉండగలరా అని ముందే ఆలోచించుకోండి. అత్యవసరంలో దిగడానికి ఎడమ తలుపు, వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. ఇందులో రాజీ పడొద్దు.

మూసినప్పుడు బెంచీ లోతు 65 సెం.మీ. పెట్టుకోండి. వెనక ఆనుకునే కుషను మందం 10 సెం.మీ. పోతే కూర్చోవడానికి 55 మిగులుతుంది, హాయిగా సరిపోతుంది. పూర్తిగా లాగినప్పుడు కదిలే రీపర్ల వెనక చివర కనీసం 8 సెం.మీ. ఇంకా మధ్య పట్టీ మీద ఆని ఉండాలి. అంటే 57 సెం.మీ. బయటికి వస్తుంది, మొత్తం వెడల్పు 122. ఇద్దరికి చాలు.

రీపర్లు 45 మి.మీ. వెడల్పు, 22 మి.మీ. మందం. కదలని రెండు రీపర్ల మధ్య ఖాళీ 55 మి.మీ. ఉంచండి. కదిలే రీపరు ఇందులో రెండు పక్కలా 5 మి.మీ. వదులుతో తిరుగుతుంది. ఈ వదులు తగ్గించమని మేస్త్రీలు అంటారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఒప్పుకోవద్దు. జూలై, ఆగస్టు వానల్లో చెక్క ఉబ్బితే బిగుసుకుపోయి లాగడానికి రాదు. కదలనివి 19, కదిలేవి 18 వేస్తే మంచం పొడవు 184.5 సెం.మీ. వస్తుంది, ఆరడుగులకు కాస్త పైన. ఇంకా పొడవు కావాలంటే ఒక్కో జత కలిపినప్పుడల్లా 10 సెం.మీ. పెరుగుతుంది.

చెక్క పైన్ అయినా చాలు, కానీ ముడులు లేని రీపర్లు ఏరుకోండి. ముడి ఉన్న చోటే విరుగుతుంది. నాలుగు వైపులా చిత్రిక పట్టించి, అంచులు గుండ్రంగా రుద్దించండి. రెండు పూతలు పాలిష్ వేస్తే చెమ్మ పీల్చదు. కదిలే రీపర్ల పక్కలకు మైనం, అంటే మామూలు కొవ్వొత్తే, రుద్దితే నున్నగా జరుగుతాయి. నూనె పూయొద్దు, దుమ్ము పట్టి జిడ్డవుతుంది.

చట్రానికి 25×25 మి.మీ. బాక్స్ పైపు, 1.6 మి.మీ. మందంది తీసుకోండి. మీటరు దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. మొత్తం 12 మీటర్లు పట్టిందనుకుంటే 14 కిలోలు. రీపర్లు పదకొండు, పన్నెండు కిలోలు, పరుపు తొమ్మిది, బందులూ బోల్టులూ కలిపి మొత్తం మంచం 35 నుంచి 40 కిలోల మధ్య తేలుతుంది. ఇదే మంచాన్ని 18 మి.మీ. ప్లైవుడ్‌తో పెట్టెలా కట్టిస్తే ఒక్క ఎనిమిది బై నాలుగు షీటే 30 కిలోలు దాటుతుంది, అలాంటివి రెండు పడతాయి. ఇంట్లో దివాన్ కాట్ చేసే అలవాటున్న కార్పెంటర్లు దిట్టంగా కట్టడమే మంచి పని అనుకుంటారు. వ్యాన్‌లో ప్రతి కిలోకూ డీజిల్ ఖర్చవుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది అని వాళ్లకు ముందే నచ్చజెప్పండి.

చట్రంలో మూడు భాగాలుంటాయి. గోడ వైపు ఒక పట్టీ, దానికి 58 సెం.మీ. దూరంలో కాళ్లున్న మధ్య పట్టీ, దాని ముందు సొంత కాళ్ల మీద నిలబడి బయటికి జరిగే మూడో భాగం. కదలని రీపర్లను మొదటి రెండింటికీ స్క్రూలతో బిగించాలి. కదిలే రీపర్లను మూడోదానికి మాత్రమే బిగించాలి, వెనక చివరలు మధ్య పట్టీ మీదుగా లోపలికి పోతాయి. ఆ చివరలకు కింది వైపున, 57 సెం.మీ. బయటికి వచ్చేసరికి ఆగే చోట, ఒక అడ్డ రీపరు వేయండి. పూర్తిగా లాగినప్పుడు అది మధ్య పట్టీకి తగిలి ఆగుతుంది. ఇది లేకపోతే నిద్రమత్తులో ఎవరో ఒకరు మంచాన్ని పూర్తిగా ఊడలాగేస్తారు. కదిలే కాళ్ల కింద మందమైన ఫెల్టు అతికించండి. రెండు పక్కలా టవర్ బోల్టులు వేసి, మూసినప్పుడూ తెరిచినప్పుడూ గడియ పడేలా బెజ్జాలు పెట్టించండి. గడియ లేని బెంచీ మొదటి సడెన్ బ్రేకుకే ఎడమ వైపుకో ముందుకో వచ్చేస్తుంది.

నట్లు, బోల్టులు, బందులు, ఫెల్టు, అల్యూమినియం పట్టీలు హైదరాబాద్‌లోనైతే రాణిగంజ్‌లో ఒకే చుట్టులో దొరుకుతాయి. ఉదయమే వెళ్లండి, పార్కింగ్ టెన్షన్ ఉండదు. వెల్డింగుకు బాలానగర్, ఆటోనగర్ వైపు బండి బాడీలు కట్టే షాపులు వెతకండి. గేట్లు, గ్రిల్స్ చేసేవాళ్ల కంటే వీళ్లకు పల్చటి పైపుతో పని తెలుసు. చట్రాన్ని బయటే వెల్డింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్, పెయింటు అయ్యాకే బండిలోకి ఎక్కించండి. బండి బాడీకి నేరుగా వెల్డింగ్ చేయనివ్వకండి. రంగు కాలి తుప్పు మొదలవుతుంది, ఎలక్ట్రానిక్స్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

బిగించడం

బాడీ రేకు దేన్నీ పట్టుకోలేదు. ఈ ఒక్క విషయం మీద ఎంత ఆగినా తక్కువే. గట్టిగా గుద్దుకున్నప్పుడు లోపలి వస్తువు మీద దాని బరువుకు 20 రెట్ల బలం పడవచ్చు. 40 కిలోల మంచం ఆ క్షణాన 800 కిలోల బరువుతో ముందు సీటు మీదికి వస్తుందన్నమాట. రేకులోకి దింపిన సెల్ఫ్ స్క్రూలు దాన్ని ఆపలేవు.

అందుకే ముందు కంపెనీ ఇచ్చిన బిగింపు చోట్లు వెతకండి. నేల మీద, గోడల్లో బోల్టు ఎక్కేలా లోపల మరలు (త్రెడ్) కోసి ఉన్న ఖాళీ బెజ్జాలు చాలా బండ్లలో ఉంటాయి. అవి ఉన్న చోట లోపల బలమైన పలక ఉంటుంది. సీటు బెల్టుల బోల్టులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. కంపెనీ ఇచ్చిన చోట్లు చాలకపోతే నేలలో కొత్త బెజ్జం వేయాలి.

బెజ్జం వేసే ముందు బండి కింద పడుకుని చూడండి, లేదా సర్వీస్ ర్యాంపు మీద ఎక్కించండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగు, సైలెన్సరు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలు తీసుకోండి. చోటు ఖాయం చేశాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ముందు సన్న బిట్‌తో వేసి, ఎక్కడ తేలిందో కింద చూసి, ఆ తర్వాతే 8 మి.మీ. బోల్టుకు 9 మి.మీ. బెజ్జం చేయండి. ఇనప పొడి మొత్తం వాక్యూమ్‌తో తీసేయాలి, ఒక్క వానాకాలానికే అది తుప్పు చుక్కలవుతుంది. కోసిన అంచుకు ప్రైమర్ పూసి ఆరనివ్వండి.

బోల్టు 8.8 గ్రేడుది తీసుకోండి, తల మీద ఆ అంకె రాసి ఉంటుంది. పైన వెడల్పు వాషరు, కింద కనీసం 60×60 మి.మీ. సైజులో 3 మి.మీ. మందం ఇనప పలక, దానికి నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉండి సులువుగా వదులవ్వనిది). పలక పెద్దదయ్యేకొద్దీ బలం ఎక్కువ రేకు మీదికి పంచుకుంటుంది. బిగించేముందు బెజ్జం చుట్టూ పీయూ (పాలీయురిథేన్) సీలెంట్ పెడితే చక్రాల నీళ్లు లోపలికి రావు. గోడ పట్టీని బాడీ నిలువు రిబ్బులకు, అంటే రేకు వెనక ఉండే గట్టి పట్టీలకు, కనీసం మూడు చోట్ల, నేలకు కనీసం ఆరు చోట్ల పట్టించండి. ఇనుము ఇనుముకు తగిలే ప్రతి చోటా పల్చటి రబ్బరు ముక్క వేయండి. శబ్దం తర్వాత ఎక్కడి నుంచి వస్తుందో వెతకడం చాలా విసుగు పని.

అన్ని బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, మంచం తెరిచి మూసి చూసి, సరిగ్గా జరుగుతోందని తేలాకే స్పానరుతో బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్క లాగితే చట్రం మెలి తిరిగి రీపర్లు ఒరుసుకుంటాయి.

మంచం కుడివైపు వచ్చింది కాబట్టి నీళ్ల క్యాన్లు, అదనపు బ్యాటరీ ఎడమవైపు, వెనక చక్రాలకు ముందుగా పెట్టండి. బరువంతా ఒకే పక్క చేరితే మలుపుల్లో బండి తేడా కొడుతుంది.

పరుపు, గాలి

కూర్చోవడానికి మెత్తగా ఉన్న ఫోమ్ పడుకోవడానికి పనికిరాదు. 40 డెన్సిటీ ఫోమ్, 10 సెం.మీ. మందం అడగండి. తక్కువ డెన్సిటీది కొన్ని నెలల్లోనే కుంగి రీపర్లు నడుముకు తగులుతాయి. తొడుగుకు రెగ్జిన్ వేయమని షాపువాళ్లు చెబుతారు, తుడుచుకోవడం సులువని. హైదరాబాద్ మే నెలలో రెగ్జిన్ మీద ఒక్క రాత్రి పడుకుంటే దుప్పటి తడిసిపోతుంది. మందపాటి కాటన్ కాన్వాస్ తొడుగు, జిప్పుతో, ఉతుక్కునేలా కుట్టించండి. బెంచీ కుషను 65, వెనక కుషను 57 సెం.మీ. వెడల్పు. రెండూ కలిసే గీత నడుము కింద పడదు, ఇద్దరి మధ్యకు వస్తుంది, అది మంచిదే.

రీపర్ల సందుల్లోంచి గాలి ఆడడం ఈ మంచానికి పెద్ద లాభం. పరుపు కింద చెమ్మ నిలిస్తే వానాకాలంలో బూజు పడుతుంది. అందుకే కింది పెట్టెను నాలుగు వైపులా మూసేయకుండా, ముందు పలకలో గాలి రంధ్రాలు పెట్టించండి. ఇంటికొచ్చాక కుషన్లను నిలబెట్టి ఉంచండి. నవారు మంచం అలవాటున్నవాళ్లు రీపర్ల బదులు నైలాన్ నవారు అల్లించుకోవచ్చా అని అడుగుతారు. ఒక్కరి మడత బెర్త్‌కి అది చక్కగా పనిచేస్తుంది, తేలిక, వేసవిలో చల్లగా ఉంటుంది. లాగుడు మంచానికి మాత్రం కుదరదు.

దోమతెర కట్టే కొక్కేలు మంచం బిగించేటప్పుడే కప్పు రిబ్బులకు పెట్టించేయండి. పడుకునేటప్పుడు ఎదురెదురు కిటికీలు రెండంగుళాలు తెరిచి, నెట్ వేసి, ఒక చిన్న 12 వోల్టుల ఫ్యాను పెట్టుకోండి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకోవద్దు. మూసిన వ్యాన్‌లో గ్యాస్ స్టవ్ వెలిగించి పడుకోవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం ఒకటి దిండు ఎత్తులో పెట్టించుకోండి.

బండి కదులుతుంటే మంచం మూసే ఉండాలి

మన ఇళ్లలో పిల్లల్ని వెనక పడుకోబెట్టి రాత్రి ప్రయాణం చేయడం మామూలైపోయింది. దయచేసి మంచం ఉంది కదా అని ఆ పని చేయకండి. బెల్టు లేకుండా పడుకున్న పిల్లలు బ్రేకు వేసినప్పుడు ఎక్కడికి విసిరేయబడతారో ఎవరి చేతుల్లోనూ ఉండదు. పక్కకు చూసి కూర్చునే ఈ బెంచీ కూడా ప్రయాణపు సీటు కాదు. కంపెనీ సీట్లు, కంపెనీ బెల్టులు ఎన్ని ఉన్నాయో అంతమందే ఎక్కాలి. నిద్ర వస్తే బండి ఆపి, మంచం వేసుకుని అందరూ పడుకోండి. మంచం పెట్టించుకుందే అందుకు కదా.

మొదటి రాత్రి

పాలిష్, కర్టెన్లు, లైట్ల అలంకారం పెట్టకముందే ఒక రాత్రి బయట పడుకుని చూడండి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు వెళ్తే ఘాట్ మలుపులూ, గతుకులూ, రాత్రి చల్లదనం అన్నీ ఒకే ట్రిప్పులో తెలుస్తాయి. దారిలో ఫోన్‌లో శబ్దం రికార్డు చేయండి, ఎక్కడ కిర్రుమంటోందో ఇంటికొచ్చాక విని సరిచేయొచ్చు. ఆపిన చోట నేల వాలుగా ఉంటే తల ఎత్తువైపు రావాలి. సగం నింపిన నీళ్ల సీసాను మంచం మీద అడ్డంగా పెడితే వాలు ఎటో కనిపిస్తుంది. పక్క వాలు ఉంటే పల్లపు వైపు చక్రాల కింద చెక్క పలకలు వేసి ఎక్కించండి, లేదంటే రాత్రంతా ఒకరి మీదికొకరు జారుతుంటారు.

చీకట్లో, సామానంతా లోపల ఉండగా, ఒక్కరే మంచం వేయండి. బ్యాగులు తీయడానికి ముందు సీట్ల మీదికి విసరాల్సి వస్తోందా? అయితే బెంచీ కింద ఎక్కువ సామాను ముందు వైపు నుంచి కాకుండా వెనక తలుపు నుంచి తీసేలా మార్చండి. గడియ చీకట్లో చేతికి దొరకడం లేదా? అక్కడ రేడియం స్టిక్కరు అతికించండి. ఇలాంటి చిన్న మార్పులు ఇప్పుడు చేసుకుంటే, ఆ తర్వాత పాలిష్ మీద బెజ్జాలు వేయాల్సిన పని ఉండదు.

తిరిగొచ్చాక ప్రతి బోల్టునూ మళ్లీ స్పానరుతో చూడండి. కొత్త బిగింపు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త వదులవుతుంది. బిగించాక నట్ నుంచి పలక మీదికి పెయింటు మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత విరిగితే నట్ తిరిగిందని చూడగానే తెలుస్తుంది. వానాకాలం ముందూ, అయ్యాకా ఏడాదికి రెండుసార్లు బండి కిందికి చేరి ఆ పలకల చుట్టూ తుప్పు ఉందేమో చూసి, ఉంటే గీకి ప్రైమర్ వేయించండి.